పాత హారర్, సైన్స్ ఫిక్షన్ బీ-మూవీలని టీవీలో సరిగ్గా చూడ్డం ఎలా? కాపీ వెతకడం దగ్గర్నుంచి డబుల్ ఫీచర్ దాకా

"మీరు చెప్పారని పెట్టామండీ, ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేకపోయాం, కట్టేసి పడుకున్నాం." నేను చూడమన్న పాత బీ-మూవీల గురించి ఈ మాట ఈ మధ్య చాలామంది దగ్గర విన్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

వాళ్ళందరినీ నేను అడిగింది రెండే ప్రశ్నలు. ఏ కాపీ చూశారు, టీవీలో పిక్చర్ సెట్టింగ్ ఏం పెట్టారు. చాలామంది ఎక్కడో దొరికిన మసక కాపీని ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేసి, ట్యూబ్‌లైట్ ఆర్పకుండా, మధ్యలో అన్నం తింటూ చూశారు. అలా చూస్తే ఏ సినిమా అయినా పోతుంది, ఇవైతే ఇంకా త్వరగా పోతాయి, ఎందుకంటే వీటికి పెద్ద స్టార్లు ఉండరు, ఖర్చుపెట్టి తీసిన సీన్లు ఉండవు, ఉన్నదల్లా చీకటి, నీడలు, ఒక వింత ఐడియా, అంతే. ఆ చీకటి మీ టీవీలో బూడిద రంగులో కనబడితే ఇక మిగిలేదేముంది?

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 1950ల, 60ల అమెరికన్ సినిమాల గురించి. మన ఛానెల్స్‌లో ఇవి దాదాపు రావు కాబట్టి యాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకుని టీవీలో చూడాల్సిందే. అమెరికాలో ఉన్నవాళ్ళకి వేరే దారి ఉంది, ఆరో భాగంలో చెప్తా.

1. ముందు ఏ రకం సినిమానో తెలుసుకోండి

బీ-మూవీ అంటే చెత్త సినిమా అని కాదు. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో తీసింది అని, అంతే. నేను వీటిని నాలుగు గుట్టలుగా వేసుకుంటాను, ఎందుకంటే ఒక్కో గుట్టని చూసే పద్ధతి వేరు.

- డబ్బు లేకపోయినా పనితనం ఉన్నవి. కార్నివాల్ ఆఫ్ సోల్స్ (1962), నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ (1968). ఇవి నిజంగా భయపెడతాయి, మామూలు మంచి సినిమా చూసినట్టే శ్రద్ధగా చూడాలి.
- సరదాగా తీసినవి. హౌస్ ఆన్ హాంటెడ్ హిల్ (1959), ద లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్ (1960), ద బ్లాబ్ (1958). నలుగురు కలిసి చూడ్డానికి ఇవే బెస్ట్.
- పెద్ద స్టూడియోల రాక్షస జీవులు. దెమ్! (1954), క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్ (1954). వీటికి డబ్బు కాస్త ఉంది, వీటిని బీ-మూవీలు అనొచ్చా అని కొందరు వాదిస్తారు, నేనైతే కలిపేస్తాను.
- చేతికి అందినదాంతో తీసేసినవి. ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్, రోబాట్ మాన్‌స్టర్ (1953), మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్ (1966).

కొత్తవాళ్ళు చేసే అతి పెద్ద తప్పు నాలుగో గుట్టతో మొదలుపెట్టడం. "ప్రపంచంలో అతి చెత్త సినిమా" అని ఎక్కడో లిస్టులో చూసి నేరుగా మానోస్ పెడతారు. ఆ సినిమాని ఇష్టపడాలంటే ముందు ఒక పదైనా చూసి ఉండాలి, మామూలు బీ-మూవీ ఎలా నడుస్తుందో తెలిస్తేనే ఇది ఎక్కడెక్కడ పట్టాలు తప్పిందో అర్థమవుతుంది.

2. కాపీ సరిగ్గా ఎంచుకోండి

వీటిలో చాలా సినిమాలకి అమెరికాలో కాపీరైట్ లేదు. నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ సంగతే చూడండి, ముందు పేరు నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్, రిలీజుకి ముందు పేరు మార్చేటప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ లైను వెయ్యడం మర్చిపోయారు, అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ లైను లేకపోతే హక్కులు పోయినట్టే. దాంతో ఎవరు పడితే వాళ్ళు కాపీలు అమ్మారు. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. ఇంటర్నెట్‌లో ఒకే సినిమాకి ఇరవై రకాల కాపీలు కనబడేది అందుకే, అందులో పదిహేను చూడకూడనివి.

సినిమా పెట్టేముందు ఐదు నిమిషాలు ఇలా చెక్ చెయ్యండి:

- ముప్పయ్యో నిమిషం దగ్గరికి వెళ్ళి ఒక చీకటి సీను చూడండి. చీకట్లో మనిషి ఆకారం విడిగా తెలుస్తుందా, లేక అంతా నల్లటి ముద్దలా ఉందా?
- ముఖం క్లోజప్ ఒకటి చూడండి. కళ్ళు కనబడాలి. సున్నం కొట్టినట్టు ముఖం అంతా తెల్లగా ఉంటే ఆ కాపీ వదిలెయ్యండి.
- నిడివి చూడండి. నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ 96 నిమిషాలు, కార్నివాల్ ఆఫ్ సోల్స్ 78. ఒక చిన్న విషయం, 96 బదులు 92 ఉంటే సీన్లు కట్ చేశారని కంగారుపడక్కర్లేదు. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని యూరప్ టీవీ పద్ధతిలో 25కి పరిగెత్తిస్తే నాలుగు శాతం తగ్గుతుంది. అలాంటి కాపీకి వేరేచోట డౌన్‌లోడ్ చేసిన సబ్‌టైటిల్స్ పెడితే పోనుపోను మాటకీ అక్షరానికీ పొంతన ఉండదు.
- రంగులు వేసిన వెర్షన్ అయితే వద్దు. నలుపు తెలుపులో నీడలు పడేలా లైటింగ్ చేసుకున్న సినిమాకి మీద గులాబీ, ఆకుపచ్చ పూస్తే ఆ నీడలు చచ్చిపోతాయి.

నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్‌కి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి 2016లో ఒరిజినల్ నెగటివ్ నుంచి 4కే రెస్టొరేషన్ చేశాయి, అంటే పాత ఫిల్మును బాగుచేసి కొత్త కాపీ తీశాయి. అది దొరికితే ఇంకోటి ముట్టుకోకండి. నేను ఏళ్ళ తరబడి మసక కాపీలోనే చూసి, మొదటిసారి ఇది చూసినప్పుడు గోడమీద వాల్‌పేపర్ డిజైన్ కూడా కనబడింది, అదే ఇల్లు, అదే సినిమా, కానీ ఈసారి ఆ ఇంట్లో నేనూ ఉన్నట్టు అనిపించింది.

3. టీవీని సర్దండి

ఇది ఒక్కసారి చేసుకుంటే చాలు, కానీ తప్పకుండా చెయ్యాలి.

మోషన్ స్మూతింగ్ ఆపండి. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాకి మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు తయారుచేసి కలుపుతుంది. దానివల్ల సినిమా అంతా డైలీ సీరియల్ షూటింగు దగ్గర నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. రబ్బరు రాక్షసుడు రబ్బరు అని వెంటనే తెలిసిపోయేది దీనివల్లే. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది, ఆఫ్ చెయ్యండి. కొత్త టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే అది పెట్టుకోండి, ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

సాగదియ్యకండి. చాలా పాత సినిమా కాపీల్లో బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది, పక్కల నల్ల పట్టీలు వస్తాయి. "టీవీ ఇంత పెద్దది కొన్నాం, సగం నలుపే ఉంది" అని మా నాన్నగారు రిమోట్ తీసుకుని వైడ్ పెట్టేవారు, మనుషులందరూ పొట్టిగా లావుగా అయిపోయేవారు. జూమ్ పెడితే తలలు తెగుతాయి. ఆస్పెక్ట్ రేషియో (బొమ్మ వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి) ఒరిజినల్‌లోనే ఉంచండి. పది నిమిషాలయ్యాక ఆ పట్టీలు కంటికి ఆనవు, నమ్మండి.

దీన్లోనే ఇంకో సంగతి ఉంది. కొన్ని సినిమాలు చతురస్రం ఫిల్ము మీద తీసి, థియేటర్లో పైనా కిందా మూసి వెడల్పుగా చూపించేవాళ్ళు. టీవీకి ఇచ్చేటప్పుడు ఆ మూత తీసేసిన కాపీలు వచ్చాయి. పైన మైకు వేలాడుతూ కనబడితే ప్రతిసారీ కెమెరామన్ తప్పు అనుకోనక్కర్లేదు, థియేటర్ ప్రేక్షకుడికి అది కనబడేదే కాదు.

మిగతావి త్వరగా:

- షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఫిల్ము మీద ఆ సన్నటి గింజలు ఉండాల్సిందే.
- కలర్ టెంపరేచర్ వార్మ్. నలుపు తెలుపు సినిమా కూల్ మోడ్‌లో నీలంగా కనబడుతుంది.
- గది వెలుతురుని బట్టి బ్రైట్‌నెస్ మార్చే సెన్సర్, పవర్ సేవింగ్ ఆఫ్.
- సౌండులో సరౌండ్ ఎఫెక్టులు వద్దు. అప్పటి సౌండు మోనో. మాటలు వినబడకపోతే క్లియర్ వాయిస్ లాంటిది ఆన్ చెయ్యండి.
- ఫోన్ నుంచి క్యాస్ట్ చెయ్యడం కన్నా హెచ్‌డీఎమ్ఐ వైరు, లేదా పెన్‌డ్రైవ్ మేలు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, మంచి కాపీలు చాలావరకు దానికన్నా పెద్దవే, కాబట్టి ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి మీ టీవీ చదువుతుందో లేదో పగలే చూసుకోండి.
- సబ్‌టైటిల్ ఫైలుకీ సినిమా ఫైలుకీ ఒకే పేరు పెట్టండి. ఇంగ్లీషు బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ ఉంచండి, ఆ కాలపు అమెరికన్ యాస, గరగరలాడే సౌండు రెండూ కలిస్తే సగం మాటలు పోతాయి. ఆటోమేటిక్‌గా తయారైన సబ్‌టైటిల్స్ మాత్రం వద్దు, తప్పుల తడక.

4. రాత్రిని ఏర్పాటు చేసుకోండి

పగలు చూడకండి. రాత్రి భోజనాలు, గిన్నెలు అన్నీ అయ్యాక, తొమ్మిదిన్నరకో పదికో మొదలుపెట్టండి. ఈ సినిమాల నిడివి 70 నుంచి 96 నిమిషాలు, పన్నెండు లోపు అయిపోతుంది.

- ట్యూబ్‌లైట్ ఆర్పి టీవీ వెనక చిన్న బల్బు ఒకటి వెలిగించండి. పూర్తి చీకటైతే కళ్ళు నొప్పి పుడతాయి.
- నలుగురికి మించి పిలవకండి. ఎనిమిది మందైతే సినిమా పక్కకి పోయి కబుర్లు మొదలవుతాయి.
- తినడానికి చప్పుడు చెయ్యనివి పెట్టుకోండి. మరమరాల మిక్చర్ నమిలితే డైలాగులు వినబడవు, నిజంగా. ఉడకబెట్టిన పల్లీలు, పునుగులు పర్లేదు, బెల్లం గవ్వలు వద్దు.
- ఫోన్లు వేరే గదిలో.
- కరెంటు పోయే ఊరైతే టీవీ ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకోండి.

5. మొదటి ఇరవై నిమిషాలు నోరెత్తకండి

ఈ గైడ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. సినిమా మొదలైన వెంటనే "అబ్బా ఆ సెట్టు చూడు, ఆ మేకప్ చూడు" అని ఎవరో ఒకరు నవ్వుతారు. ఒకరు నవ్వితే మిగతావాళ్ళు నమ్మడం మానేస్తారు. నమ్మడం మానేశాక డెబ్బై నిమిషాలు కూర్చోవడం చాలా కష్టం, ఎందుకంటే ఎగతాళి సరుకు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

అందుకే ముందే ఒప్పందం చేసుకోండి. ఇరవై నిమిషాల దాకా వ్యాఖ్యానం లేదు. చిన్నప్పుడు అమ్మమ్మ దయ్యం కథ చెప్తుంటే లాజిక్కు అడిగామా? అదే పద్ధతి. దర్శకుడు ఎంత పేదవాడైనా తన దగ్గరున్న మంచి ఐడియా సాధారణంగా మొదట్లోనే పెడతాడు. దెమ్! చూడండి, న్యూ మెక్సికో ఎడారిలో ఒంటరిగా నడుస్తున్న చిన్నపిల్ల, నోట మాట రాదు, చుట్టూ ఇసుక గాలి. రాక్షస చీమ కనబడ్డానికి దాదాపు అరగంట పడుతుంది, అప్పటిదాకా అది పోలీసు కథ. ఆ అరగంట నమ్మినవాళ్ళకి చీమ వచ్చినప్పుడు గుండె ఝల్లుమంటుంది, నవ్వుతూ కూర్చున్నవాళ్ళకి బొమ్మ కనబడుతుంది. (దెమ్! కాపీలో టైటిల్ ఒక్కటే రంగుల్లో వచ్చి మిగతా అంతా నలుపు తెలుపులో ఉంటే టీవీ తప్పు కాదు, ఒరిజినలే అలా ఉంది.)

6. నడిమి భాగాన్ని దాటడం

సినిమాలు కట్టేసేది ఎక్కువగా ఇక్కడే, ముప్పై నుంచి యాభై నిమిషాల మధ్య. ఒక గది, ఇద్దరు ముగ్గురు మనుషులు, మాటలే మాటలు.

ఎందుకంటే మాటలు చవక. రాక్షసుడి సీను తియ్యాలంటే డబ్బు, సోఫాలో ఇద్దరు సైంటిస్టులు మాట్లాడుకోవాలంటే ఒక లైటు, ఒక కెమెరా. ఉన్న డబ్బంతా మొదటికీ చివరికీ దాచుకుని మధ్యలో మాటలతో నింపుతారు. ఇది తెలిసినా నిద్ర ఆగదు కాబట్టి మూడు ఉపాయాలు.

ఒకటి, డబ్బు ఎక్కడ పెట్టారో వెతకండి. ఇది అలవాటైతే ఏ సీనూ బోరు కొట్టదు. లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్‌లో లోపలి సీన్లు దర్శకుడు రోజర్ కార్మన్ దాదాపు రెండు రోజుల్లో తీసేశాడు, అదీ వేరే సినిమాకి వేసిన సెట్లు వాడుకుని. అది తెలిసి పూలకొట్టు సీన్లు చూడండి, కెమెరా ఎంత తక్కువ కదులుతుందో, నటులు ఎంత వేగంగా మాట్లాడతారో. ఆ వేగమే సినిమాకి నవ్వు తెచ్చింది. పంటి డాక్టరు దగ్గర నొప్పి కోసం తహతహలాడే పేషెంటుగా కుర్ర జాక్ నికల్సన్ వస్తాడు, అప్పటిదాకా నిద్రపోకండి.

ప్లాన్ 9లో పాత డ్రాక్యులా నటుడు బేలా లుగోసీ మీద కన్నేసి ఉంచండి. ఆయన 1956లో చనిపోయాడు, అంతకుముందు తీసిన కొద్ది నిమిషాల ఫిల్మే దర్శకుడు ఎడ్ వుడ్ దగ్గర ఉంది. మిగతా సీన్లలో వుడ్ భార్యకి వైద్యం చేసే కైరోప్రాక్టర్ (వెన్నెముక వైద్యుడు) ఒకాయన్ని పెట్టి, ముఖానికి అడ్డంగా కేప్ పట్టించాడు. ఏది లుగోసీ, ఏది ఆయన అని షాటు షాటుకీ గుర్తుపట్టడం మొదలుపెడితే టైము తెలీదు. పోయిన స్నేహితుడితో ఎలాగైనా సినిమా పూర్తి చెయ్యాలన్న ఆ తపన నాకు ప్రతిసారీ గుండెకి తగులుతుంది.

మానోస్ తీసింది టెక్సస్‌లోని ఎల్ పాసోలో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్. వాడిన 16 ఎమ్ఎమ్ కెమెరాకి చేత్తో కీ ఇవ్వాలి, ఒక్కసారికి 32 సెకన్లే తిరుగుతుంది. షాటు మొదలవగానే మనసులో లెక్కపెట్టండి. రాత్రి సీన్లలో లైట్ల చుట్టూ పురుగులు ముసురుతుంటాయి, అవీ చూడండి. గొంతులన్నీ తర్వాత కొద్దిమందే కూర్చుని చెప్పారు.

రెండు, ఫార్వర్డ్ కొట్టకండి, బ్రేక్ ఇవ్వండి. ఫార్వర్డ్ కొడితే చివరి పది నిమిషాలకి బలం ఉండదు. లేచి మంచినీళ్ళు తాగి రండి, మళ్ళీ కూర్చోండి. 1.5 స్పీడు అసలే వద్దు, భయానికి టైమింగే ప్రాణం.

మూడు, హోస్టుని పెట్టుకోండి. ఈ సినిమాలు టీవీలో బతికిందే హోస్టుల వల్ల. లాస్ ఏంజిలిస్‌లో 1954లో వాంపైరా, 1981 నుంచి ఎల్వైరా, షికాగోలో స్వెన్‌గూలీ. బ్రేకుల్లో వచ్చి సినిమా సంగతులు చెప్పి, కాస్త నవ్వించి మళ్ళీ సినిమాలోకి పంపేవాళ్ళు. నేను షికాగో దగ్గర అద్దెకున్న రోజుల్లో కేబుల్ లేదు, కిటికీకి కట్టిన చిన్న యాంటెన్నాకి మీటీవీ (MeTV) అనే ఛానెల్ వచ్చేది, శనివారం రాత్రి స్వెన్‌గూలీ అందులోనే. సినిమా నీరసంగా ఉన్నా ఆయన వచ్చి చివర్లో తన మీద రబ్బరు కోళ్ళు విసిరించుకునేదాకా కదిలేవాణ్ణి కాదు. ఈ పద్ధతి నేను నేర్చుకున్నది అక్కడే. అమెరికాలో ఉన్నవాళ్ళు నా మాట విని మామూలు యాంటెన్నా ఒకటి కొనుక్కోండి, నెల నెలా కట్టేదేమీ లేదు.

ఇంట్లో హోస్టు చెయ్యాల్సింది:

- పగలే సినిమా గురించి అరగంట చదువుకోవాలి.
- మూడు బ్రేకులు, ఒక్కోటి మూడు నిమిషాలు. ఇరవయ్యో నిమిషం దాటాక ఒకటి, నడిమిలో ఒకటి, క్లైమాక్సుకి పావుగంట ముందు ఒకటి.
- ప్రతి బ్రేకులో ఒక సంగతి, ఒక ప్రశ్న. "తర్వాత వచ్చే సీనులో ఆ తలుపు వెనక చూడండి" లాంటిది.
- తర్వాత ఏం జరుగుతుందో చెప్పకూడదు.

హౌస్ ఆన్ హాంటెడ్ హిల్‌కి మా ఇంట్లో హోస్టు మా వదిన. ఆ సినిమా థియేటర్లో ఆడినప్పుడు దర్శకుడు విలియం క్యాసల్ చివర్లో ప్రేక్షకుల తలల మీదుగా తీగమీద ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని లాగించేవాడు, దానికి ఎమర్గో అని పేరు కూడా పెట్టాడు. వదిన ఆ సంగతి రెండో బ్రేకులో చెప్పి ఊరుకుంది. తీరా తెరమీద అస్థిపంజరం లేచేసరికి దండెం తాడు మీద తెల్ల దుప్పటి మా నెత్తిమీదుగా వెళ్ళింది. మా తమ్ముడు వేసిన కేక పక్క ఫ్లాటు వాళ్ళకి వినబడింది.

సినిమా నడుస్తుండగా మాట్లాడుతూ వెక్కిరించే పద్ధతి కూడా ఉంది, 1988లో మినియాపొలిస్‌లోని ఒక చిన్న స్టేషన్లో మొదలైన మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 అనే టీవీ షో దాన్ని పెద్ద కళ చేసింది, మానోస్ గురించి లోకానికి తెలిసింది 1993లో వాళ్ళు వేసిన ఎపిసోడ్ వల్లే. నాకూ ఇష్టమే. కానీ అది రెండోసారి చూసేటప్పుడు. మొదటిసారి సినిమాకి ఇవ్వండి.

7. మొదటి ఆరు శనివారాలు

వరస మార్చకండి, ఒకదానికొకటి మెట్టు.

1. హౌస్ ఆన్ హాంటెడ్ హిల్, 75 నిమిషాలు. కథ తేలిక, ముఖ్య నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు వింటే చాలు.
2. ద లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్, 72 నిమిషాలు. మనుషుల్ని తినే మొక్క. నవ్వొచ్చే సినిమానే, ఇక్కడ ఎంతైనా నవ్వండి.
3. క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్, 79 నిమిషాలు. నీళ్ళ కింద సీన్లలో రాక్షసుడి సూటు వేసుకుని ఈదిన రికూ బ్రౌనింగ్ పనితనం చూడండి.
4. కార్నివాల్ ఆఫ్ సోల్స్, 78 నిమిషాలు. ఇది ఒంటరిగా చూడండి. మధ్యలో హీరోయిన్‌కి లోకంలోని చప్పుళ్ళన్నీ ఆగిపోతాయి, ఎవరికీ ఆమె మాట వినబడదు. చాలామంది టీవీ పాడైందనుకుని రిమోట్ తీసి సౌండు పెంచుతారు, అంతలో మళ్ళీ శబ్దం వచ్చి చెవులు పగులుతాయి. రిమోట్ ముట్టుకోకండి. తీసింది కాన్సస్‌లో విద్యా చిత్రాలు తీసుకునే హెర్క్ హార్వీ, సినిమాలో కనబడే తెల్లటి ముఖం మనిషి కూడా ఆయనే.
5. నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్, 96 నిమిషాలు. పిల్లల్ని పడుకోబెట్టాకే. సినిమాలో మనుషులు కూడా టీవీ ముందు కూర్చుని వార్తలు చూస్తుంటారు, అది మీ హాల్లో టీవీలో చూస్తుంటే వచ్చే భయం థియేటర్లో రాదు. రక్తం చాక్లెట్ సిరప్ అని తెలిసినా ఏమీ తగ్గదు. ముగింపు గురించి ఎక్కడా చదవకండి.
6. ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్, 79 నిమిషాలు. ఊగే సమాధి రాళ్ళు, ఒకే సీనులో పగలూ రాత్రీ. అప్పటికి ఐదు చూసి ఉంటారు కాబట్టి ఇది ప్రేమగా చూడగలరు.

ఇవయ్యాక డబుల్ ఫీచర్, అంటే ఒకే రాత్రి రెండు సినిమాలు, పెట్టొచ్చు. భయపెట్టేది ముందు, నవ్వించేది తర్వాత, మధ్యలో పావుగంట టీ. తిరగేస్తే రెండోది ఎవరూ చూడరు. మూడు సినిమాలు వద్దు, మూడోది గుర్తుండదు.

ఏడో వారానికి మన సరుకు ఒకటి కలపమంటాను, విఠలాచార్య గారి జగన్మోహిని (1978). కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేసే దయ్యం తెలియని తెలుగువాళ్ళుంటారా? కెమెరా ఆపి, మనిషిని పక్కకి తప్పించి, మళ్ళీ తిప్పితే మాయమైనట్టు కనబడే ఆ ట్రిక్కు ఆ అమెరికన్లు వాడిందీ ఇదే. ఆరు వారాలు చూసిన కంటితో ఇది మళ్ళీ చూస్తే చిన్నప్పుడు కనబడని పనితనం కనబడుతుంది. నిడివి పెద్దది, ఇంటర్వెల్ ఇవ్వండి.

8. తరచూ వచ్చే ఇబ్బందులు

"భయం వెయ్యలేదు." అన్నీ భయపెట్టడానికి కాదు. రెండో, నాలుగో గుట్టలో భయం వెతికితే దొరకదు. భయమే కావాలంటే మొదటి గుట్టకి వెళ్ళండి.

"ఇంట్లోవాళ్ళు కూర్చోవట్లేదు." బలవంతం వద్దు. ద బ్లాబ్ పెట్టండి, రంగుల సినిమా, ఎర్ర జిగురు ముద్ద ఊరిని మింగుతుంది, కథ ఎవరికీ చెప్పక్కర్లేదు. రంగు కలిపిన సిలికోన్ అది. మా పిల్లలు దాన్ని చూశాకే ఇటు వచ్చారు.

"ఆడవాళ్ళ గురించి మాటలు చిరాకుగా ఉన్నాయి." నాకూ ఉంటాయి. లేడీ సైంటిస్టు వస్తే ముందు ఆమె అందం గురించే మాట్లాడతారు. సర్దుకోమని చెప్పను, హోస్టు బ్రేకులో ఆ మాట ఎత్తి మాట్లాడుకోండి. చిరాకు మరీ ఎక్కువైతే ఆ సినిమా వదిలి ఇంకోటి పెట్టుకోండి.

"నిద్ర వచ్చేస్తోంది." వారం మధ్యలో పెట్టకండి. పడుకుని చూడకండి, కూర్చోండి.

"చూసింది మర్చిపోతున్నా." చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పేరు, ఏ కాపీ, ఎక్కడ బోరు కొట్టింది, ఏ ఒక్క షాటు గుర్తుండిపోయింది. నాలుగు లైన్లు చాలు. నా పుస్తకంలో కార్నివాల్ ఆఫ్ సోల్స్ కింద "ఖాళీ పెవిలియన్, ఆర్గన్ సంగీతం" అని మాత్రమే ఉంది, చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

9. శనివారం సాయంత్రం చెక్‌లిస్టు

ఫ్రిజ్ మీద అంటించుకోండి.

- కాపీలో చీకటి సీను చూశానా, నిడివి సరిపోయిందా
- పెన్‌డ్రైవ్ టీవీలో తెరుచుకుందా, సబ్‌టైటిల్స్ మాటకి సరిపోతున్నాయా
- మోషన్ ఆఫ్, ఆస్పెక్ట్ రేషియో ఒరిజినల్, కలర్ వార్మ్
- హోస్టు ఎవరు, మూడు సంగతులు రాసుకున్నారా
- చప్పుడు చెయ్యని తిండి, మంచినీళ్ళు
- టీవీ వెనక బల్బు
- ఫోన్లు లోపల
- ఇరవై నిమిషాల ఒప్పందం అందరికీ చెప్పానా
- నోట్‌బుక్, పెన్ను

ఇంకొకటి, సినిమా అయిపోగానే ట్యూబ్‌లైట్ వెయ్యకండి. ఆఖరి కార్డు పోయి తెర నల్లబడ్డాక ఒక రెండు నిమిషాలు అలాగే కూర్చోండి, ఎవరో ఒకరు ముందు మాట్లాడతారు, ఆ మొదటి మాటే నోట్‌బుక్‌లో రాసుకోండి.